ఉప్పు మానేసిన పొరుగువాడు

ఖతర్లోని అల్ తుమామాలో మేముండే విల్లాను ప్లైవుడ్ చెక్కలతో గదులుగా విడగొట్టారు. పత్రికలో డెస్క్ మీద ఏళ్లు గడిపిన నేను, ఇప్పుడు ఇక్కడ ఒక ఆఫీసులో అనువాదాలు చేస్తూ అందులో ఒక గదిలో ఒంటరిగా ఉంటున్నాను. పక్క గదిలో జగిత్యాల వైపు మనిషి. ఎత్తయిన కట్టడాలకు పరంజా కట్టే పని. అతని దగ్గు, ఫోన్ మాటలు, పోపు వాసన చెక్క దాటి వచ్చేవి. వంటగదిలో ఎదురుపడితే తప్ప మేం మాట్లాడుకునేవాళ్లం కాదు.

మొన్న వేసవిలో అతను ఉడికించిన పప్పును చప్పగానే అన్నంలో కలుపుకుని తింటుంటే చూశాను.

"ఉప్పు బందు వెట్టిన," అన్నాడు. "కంపెనీ మెడికల్ ఉన్నది. బీపీ ఎక్కువొస్తే పైకెక్కనియ్యరు. ఇగ కింద ఊడ్చుడే."

"ఈ ఎండల్లో పూర్తిగా మానేస్తే ఎలా?"

"అందుకే గదా నీళ్లు గట్టిగ తాగుతున్న. సైట్ల అందరు నన్ను ట్యాంకర్ అంటున్నరు!"

సైట్లో కూలీలకిచ్చే ఉప్పు, చక్కెర కలిసిన పొడి పొట్లాలు కూడా తాగడం లేదట. "అండ్ల ఉన్నది ఉప్పే గదా. మెడికల్ అయినంక అన్నీ ఒక్కసారే తాగుత," అని నవ్వాడు.

ఒక శుక్రవారం ఉదయం వాంతుల శబ్దం వినిపించి వెళ్లాను. లుంగీ మీదే సేఫ్టీ బెల్టు బిగించుకోవడానికి అవస్థ పడుతున్నాడు. "యల్లా, నడువు బావా, డ్యూటీకి ఆలిశమైతుంది," అన్నాడు. నేను అతని బావను కాను. అంబులెన్సుకు ఫోన్ చేశాను.

ఆస్పత్రిలో డాక్టరు హిందీలో ఓపిగ్గా చెప్పాడు. చెమటతో ఉప్పు పోయింది. దాని చోట ఉత్త నీళ్లు చేరాయి. ఒంట్లో ప్రతి కణం చుట్టూ పలుచని పొర ఉంటుంది. ఆ పొరలో నీళ్లకు దారి సులువు, ఉప్పుకు అంత సులువు కాదు. బయట ఉప్పు పలచబడితే నీళ్లు లోపలికి వెళతాయి, కణం ఉబ్బుతుంది. ఒళ్లయితే కొంత ఓర్చుకుంటుంది. పుర్రె లోపల మెదడుకు ఉబ్బడానికి చోటుండదు.

"అయితే ఉప్పు వెంటనే ఎక్కించవచ్చు కదా?" అన్నాను.

"ముందు ప్రమాదం తప్పేంత మాత్రమే ఎక్కిస్తాం. ఆపైన తొందరపడితే నీళ్లు ఒక్కసారిగా బయటికి వచ్చి మెదడు దెబ్బతింటుంది. మెల్లగా పోవాలి. మునుపటి మనిషి తిరిగి వస్తాడో లేదో చూద్దాం."

అలా చూస్తూ కూర్చోవడం నా వంతయింది. అతనితో పనిచేసేవాళ్లంతా డ్యూటీల్లో ఉన్నారు. ఆఫీసు అవగానే వెళ్లేవాణ్ణి. కళ్లు తెరిచినప్పుడల్లా నేను అతనికి బావనే.

"ఏం బావా, గింత పొట్ట వెంచినవ్! మా అక్క మస్తు వెడుతున్నట్టుంది?"

"ఆ, పెడుతోంది."

"తిని పండుడే గాని ఒక్క కొయ్య మోసినవా నువ్వు?"

మోయలేదని ఒప్పుకున్నాను. నా ఒడిలో కాలు పడేసి మళ్లీ నిద్రపోయేవాడు. ఈ దేశంలో నా పొట్ట గురించి ఎవరైనా మాట్లాడటం అదే మొదటిసారి. సాయంత్రం రక్తపరీక్షలో ఉప్పు కొంచెం పెరిగిందని నర్సు చెబితే సంతోషించేవాణ్ణి. ఇంటికి వెళ్లేటప్పుడు మాత్రం, రేపు కూడా బావా అంటాడా అనుకునేవాణ్ణి.

ఒక పొద్దున వెళ్లేసరికి డాక్టరు అతన్ని ప్రశ్నలు అడుగుతున్నాడు. పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. ఇప్పుడెక్కడున్నావంటే హిందీలో, "ఖతర్లో. మా ఇంట్లోవాళ్లు మాత్రం దుబాయ్ అంటారు," అన్నాడు. డాక్టరు నవ్వి, నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

అతను నా వైపు చూశాడు. గబగబా దుప్పటి సర్దుకుని, మంచం అంచున నాకు చోటిస్తూ కాళ్లు దగ్గరకు ముడుచుకున్నాడు.

"సార్, మీరెందుకు తిప్పలవడ్డరు? ఆఫీసు లేదా ఇయ్యాల?"

"ఉంది. వెళ్లాలి."

"కూసోండ్రి సార్, జరసేపు."

కూర్చున్నాను. అతను ముద్దలా ఉన్న ఆస్పత్రి గంజిని చెంచాతో కెలుకుతున్నాడు. ఉప్పు వేశారా అని అడిగాను. వేశారన్నాడు. నేను లేచేదాకా అతను ముడుచుకున్న కాళ్లు చాపలేదు.