కొండ కింది నాయనమ్మ

ఇంద్రమాయు తీరంలోని ఆ బడిలో సెలవులయ్యాక పిల్లలంతా ఒకే వ్యాసం రాసేవాళ్లు. సెలవుల్లో నాయనమ్మ ఊరెళ్లాను. కొండ కింద ఆమె ఇల్లు. చల్లగాలి, పచ్చని పొలాలు, ఒక ఆవు. చాలా ఆనందించాను. అంతే సంగతులు. నిజానికి ఈ పిల్లల నాయనమ్మలు చాలామంది వాళ్ల పక్కనే, అదే చాప మీద పడుకుని గురక పెడతారు. కొండ మొహం చూడాలంటే బస్సెక్కి పోవాలి. అయినా వాళ్ల అమ్మానాన్నలూ ఇదే రాసి మార్కులు తెచ్చుకున్నారు. తర్వియా టీచరు కూడా చిన్నప్పుడు ఆ ఆవుని మేపినామే.

నాలుగో తరగతి చేతికొచ్చాక మాత్రం ఆమెకి ఆ ఆవంటే ఒళ్లు మండింది. "పెన్సిళ్లు కింద పెట్టండి. ముందు నోటితో చెప్పండి, ఇంట్లో మాట్లాడే మాటలతోనే. బడి భాషలోకి తర్వాత మారుద్దాం" అంది. ఒకరు చెబుతుంటే పక్కవాళ్లు ప్రశ్నలతో వేధించాలి. ఆ విద్య పిల్లలకి ఒకరు నేర్పాలా!

కస్నితి గొంతు సవరించుకుని, "మా నాయనమ్మ చాలా మంచిది" అంది.

"మంచిదంటే ఏం చేస్తది?" పక్కనున్న దురహ్మాన్ పట్టుకున్నాడు.

"చక్కెర దొంగతనం చేస్తది. డాక్టరు వద్దన్నాడు కదా, అందుకు."

"ఎక్కడ దాస్తది?"

"బియ్యం డబ్బాలో, అడుగున."

"మరి మీ అమ్మకి చెప్పవా?"

"ఎందుకు చెబుతా? నాకూ పెడతది!"

క్లాసంతా పగలబడి నవ్వింది. "ఇదే రాయవే తల్లీ, ఒక్క ముక్క వదలకుండా" అంది తర్వియా. ఆ పిల్ల గంట కొట్టినా లేవకుండా రాసింది. రెండు వాక్యాలకే చెయ్యి నొప్పి అని ఏడ్చే పిల్ల! అది చూసి తర్వియా కడుపు నిండిపోయింది.

పెద్దమేష్టారు పాక్ సుకర్యా మంచివాడే, కాకపోతే ఉత్త భయస్తుడు. అక్కడ మర్యాదకి మగవాళ్లని పాక్ అనీ, ఆడవాళ్లని బు అనీ పిలుస్తారు. తర్వియా క్లాసు గోడకి గుచ్చిన పిల్లల కాగితాలన్నీ చదివి తల పట్టుకున్నాడు. "ఇంటిగుట్టంతా గోడెక్కించారేంటి, బు తర్వి? రిపోర్టు కార్డుల రోజు ఒక్కళ్లు గొడవ పెట్టినా సరే, వచ్చే ఏడు మీకు ఒకటో తరగతి. నాలుగుకి మళ్లీ పాత వ్యాసమే" అని తేల్చి చెప్పేశాడు.

రిపోర్టు కార్డుల రోజు పొద్దున్నే వచ్చి తర్వియా కస్నితి కాగితం ముందు నిలబడింది. తీసేస్తే ఏ గొడవా ఉండదు. చెయ్యి పిన్ను దాకా వెళ్లింది కూడా. తీశాక ఆ పిల్ల మొహం ఎలా చూడాలో తోచక వెనక్కి తీసుకుంది.

కస్నితి వాళ్లమ్మ చేపలకి ఉప్పు పట్టించే పనికి పోయిందని, కార్డు కోసం నాయనమ్మ వస్తెమ్ స్వయంగా వచ్చింది. చదువు రాని మనిషి. గోడ మీది మనవరాలి కాగితాన్ని పక్కింటావిడ గొంతెత్తి చదివి పెట్టింది. బియ్యం డబ్బా మాట రాగానే తల్లులందరూ ఘొల్లుమన్నారు. "దొరికిపోయావు అవ్వా! ఇక నీ కోడలు నీ పని పడుతుంది" అని ఎవరో చురక అంటించారు. ముసలామె మొహం ఎర్రబడింది.

పాక్ సుకర్యా ఉరుకులు పరుగుల మీద వచ్చాడు. "పొరపాటైంది అవ్వా, చిన్నపిల్ల, ఏదో రాసేసింది. ఇప్పుడే చింపేస్తాను."

"చెయ్యి వేశావంటే మర్యాద దక్కదు పాక్!" వస్తెమ్ కాగితానికి అడ్డంగా నిలబడింది. "ప్రతి ఏడూ ఈ పిల్ల ఏదో రాసి తెచ్చి చదివేది. కొండట, ఆవట, చల్లగాలట. ఎవర్తె ఆ ముసల్ది, దాన్ని అంతలా పొగుడుతుంది, నేను పనికిరానా అని లోలోపల కుళ్లి చచ్చాను. ఇన్నాళ్లకి నా మనవరాలు మా ఇంటికొచ్చింది. నువ్వొచ్చి చింపుతానంటావా?"

ఎవరూ నవ్వలేదు. పాక్ సుకర్యా చెయ్యి దించి, "నాలుగో తరగతి మీదేలెండి, బు తర్వి" అన్నాడు. తర్వియాకి సంతోషంతో ఏడుపు ముంచుకొచ్చింది. తల్లులందరూ చూస్తున్నా దాచుకోవాలనిపించలేదు.