బిర్యానీ మాట ఎవరిది?

ఎదురింటి టీచర్ గారు పోయారని మొన్న పొద్దున్నే వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "ఎవరు చెప్పారు?" అని. వెంటనే నాలుక కరుచుకున్నాను. ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది. "అమ్మ మీకు బాగానే ట్రైనింగ్ ఇచ్చిందక్కా."

ఆవిడ గుంటూరులో హిస్టరీ పాఠాలు చెప్పి, రిటైరయ్యాక అమెరికాలో, ఆష్‌బర్న్‌లో కూతురి దగ్గరికి వచ్చేశారు. మహానుభావుల పేర్లతో వాట్సాప్‌లో ఏ సూక్తి వచ్చినా కింద "ఆధారం?" అని పెట్టేవారు. ఒక గ్రూపు వాళ్ళు ఆవిడని తీసేశారు కూడా. నేను వంటింట్లో ప్రతి డబ్బాకీ లేబుల్ అంటిస్తాను. అందుకే నేనంటే ఆవిడకి ఇష్టం. "మాట మీద కూడా ఇలాగే లేబుల్ ఉండాలమ్మా, ఎవరిదో" అనేవారు.

మా తెలుగు సంఘం ఉగాది భోజనం ఎప్పుడూ స్కూల్ కెఫెటీరియాలోనే. ఇళ్ళల్లో చేసి తెచ్చిన పులిహోర, బొబ్బట్లు. మాస్టర్స్ చదివే పిల్లలు కడుపునిండా తిని, మర్నాటికి డబ్బాల్లో కూడా పట్టుకెళ్ళేవారు. ఒక ఏడాది ప్రెసిడెంట్ గారు దాన్ని పెద్ద హోటల్‌కి మార్చి టికెట్ పెట్టారు. పిల్లలు భగ్గుమన్నారు. ఆ వారంలోనే ఇండియన్ స్టోర్‌లో ఒక కుర్రాడు నాతో, టీచర్ గారితో అన్నాడు.

"పులిహోర లేకుంటే బిర్యానీ తినమన్నదంట ప్రెసిడెంట్ ఆంటీ!"

"నువ్వు విన్నావా?" అన్నారు టీచర్ గారు.

"మా రూమ్మేట్ చెప్పిండు."

అప్పటికే ప్రెసిడెంట్ గారు గుడికి రావడం మానేశారు. వచ్చే నెల వాళ్ళమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి ఎవరూ వెళ్ళకూడదని గ్రూపుల్లో తీర్మానం. టీచర్ గారు మాత్రం ఆ మాట పుట్టినచోటు వెతకడానికి బయల్దేరారు. డ్రైవింగ్ నాది. రూమ్మేట్‌కి సంగీతం టీచర్ చెప్పిందట. ఆవిడకి వాళ్ళాయన. ఆయనకి ఆఫీసులో మా ఆయన!

మా ఆయన ఇడ్లీ తుంచుతూ టీచర్ గారితో, "మీరే కదండీ అన్నారు, ఇదే టేబుల్ దగ్గర" అన్నారు.

నిజమే, నవ్వేసి మర్చిపోయాం. ఫ్రాన్సు రాణి "రొట్టె లేకపోతే కేకు తినమనండి" అందన్నది ఉత్తదేననీ, ఎవరో రచయిత ఆ మాట రాసుకునేనాటికి ఆ రాణి ఇంకా చిన్నపిల్ల, ఫ్రాన్సు మొహమే చూడలేదనీ మాకు చెబుతూ, "ఇవాళైతే మన ప్రెసిడెంట్ గారి నోట్లో బిర్యానీ పెట్టేవారు" అని టికెట్ పెట్టిన కొత్తల్లో నవ్వారావిడ. ఆ సరదా దారిలో ఎక్కడో రాలిపోయింది. కోపం మాత్రం భద్రంగా ఇల్లు చేరింది.

"ఎవరికీ తెలీదు కదండీ, ఊరుకోండి" అన్నాను.

"అప్పుడూ ఇలాగే ఊరుకున్నారమ్మా. పాపం, ఆ రాణి ఇప్పటికీ కేకు మోస్తూనే ఉంది."

లైబ్రరీ హాల్లో సంఘం మీటింగ్‌లో ఆవిడ మైకు అందుకున్నారు. "బిర్యానీ మాట ప్రెసిడెంట్ గారిది కాదు. నాది. ఆధారం కావాలంటే వీళ్ళాయన ఉన్నారు." మా ఆయన కుర్చీలో కిందికి జారిపోయారు.

స్టోర్ కుర్రాడు లేచాడు. "అంటే మా కోపం రాంగా టీచర్ గారూ?"

"మాటే అబద్ధం నాయనా. కోపం నీ సొంతం, దాన్నెందుకు వదులుకుంటావు? టికెట్ సంగతి అడుగు."

అడిగాడు. ప్రెసిడెంట్ గారు కళ్ళు తుడుచుకుంటూ అన్నారు: "నిజంగా నాకు తట్టలేదు బాబూ, ఆ టికెట్ కొనలేనివాళ్ళు మనలో ఉంటారని."

టీచర్ గారు నా మోచెయ్యి గిల్లారు. "ఇదీ అసలు మాట. మనం చెవులారా విన్నాం."

ఉగాది మళ్ళీ కెఫెటీరియాకి వచ్చింది. ఓణీల ఫంక్షన్‌కి పిల్లలంతా వెళ్ళారు. అక్కడ బిర్యానీ పెట్టారు. నవ్వకుండా తినడం ఎవరి వల్లా కాలేదు, వడ్డించిన ప్రెసిడెంట్ గారితో సహా.

నిన్న ఫ్యూనరల్ హోమ్‌లో మనవడు టీవీ స్క్రీన్ మీద ఆవిడ ఫొటో పెట్టాడు. కింద బంగారు అక్షరాల్లో ఒక వాక్యం: "చరిత్ర తెలిసినవారికి చీకటి లేదు." దాని కింద ఆవిడ పేరు.

నా పక్కనున్న ప్రెసిడెంట్ గారు చెవి దగ్గరికి వంగారు. "ఆవిడ అన్నారా? మీరు విన్నారా?"

"లేదండీ. మీరు?"

ప్రెసిడెంట్ గారు తల అడ్డంగా ఊపారు. ఇద్దరం నవ్వు ఆపుకోవడానికి కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నాం. స్క్రీన్ మీద టీచర్ గారు, కళ్ళజోడు ముక్కు చివరికి జారి, దాని పైనుంచి హాలంతా చూస్తున్నారు, ఎవరో ఒకరు లేచి జవాబు చెప్పాలన్నట్టు.