రెండు గొట్టాలు, పదకొండు మువ్వలు

మా తాత తుపాకీ లైసెన్సు మీద అరచెయ్యి ఆనించి ప్రమాణం చేస్తున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. అసలు లైసెన్సు ఇప్పుడు నా దగ్గర లేదు కాబట్టి జిరాక్సు మీద ఆనించాను. ప్రమాణానికి జిరాక్సు చెల్లదని ఎవరైనా అంటే, మా చుట్టుపక్కల భూములే జిరాక్సుల మీద చేతులు మారాయని జవాబు చెప్పుకుంటాను.

మాది కొండాపూర్. ఇప్పుడు ఆ మాట చెబితే "ఏ కమ్యూనిటీ?" అని అడుగుతున్నారు, అంటే ఏ అపార్టుమెంట్లని. మేము ఏ కమ్యూనిటీ వాళ్లమూ కాదు, అవన్నీ లేవకముందు నుంచీ ఉన్నవాళ్లం. గుట్టల కింద మా తాతకు జొన్నచేను ఉండేది. అడవిపందులు పడి నాశనం చేస్తున్నాయని అర్జీ పెట్టుకుంటే డబుల్ బ్యారెల్ తుపాకీకి లైసెన్సు ఇచ్చారు. తుపాకీ దేనికి అన్న గడిలో "పంట రక్షణ" అని రాసి, పక్కన చేను సర్వే నంబరు వేశారు. తాత పోయాక ఏవో ఎన్నికల ముందు తుపాకులన్నీ జమ చెయ్యమన్నారు. మా నాన్న తీసుకెళ్లి ఒక తుపాకుల దుకాణంలో పెట్టాడు, తిరిగి తెచ్చుకోలేదు. కొన్నాళ్లకు దుకాణమే ఎత్తేశారు. తర్వాత చేనూ పోయింది. లైసెన్సు మాత్రం తాత నుంచి నాన్నకు, నాన్న నుంచి నాకు వచ్చింది.

కిందటిసారి రెన్యువల్‌కు వెళితే గుమాస్తా ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"సార్, పంట రక్షణ అని ఉన్నది. ఈ సర్వే నంబర్ల ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉన్నది గద. మీ పంట ఎన్నో ఫ్లోర్ల ఉంది?"

"ఆరో ఫ్లోర్ల. క్యాంటీన్ పక్కకు."

"పందులు గిట పడుతున్నయా?"

"లంచ్ టైముల పడతయ్."

నవ్వాడు గాని, వెంటనే సర్దుకుని అసలు సంగతి చెప్పాడు. తుపాకీ లేని లైసెన్సు ఇక నడవదు. మూడు నెలల్లో ఏదైనా తుపాకీ కొని దాని మీద ఎక్కించుకోవాలి, లేకపోతే లైసెన్సు వాపసు చేయాలి.

నాకు తుపాకీతో పనేముంది? మా గల్లీలో కాల్చదగ్గవి ఏవైనా ఉన్నాయంటే అవి హారన్లే. అయినా ఆ కాగితాన్ని ఇవ్వడానికి చెయ్యి రాలేదు. మా ఇంట్లో భూమి కాగితాలు చాలా ఉన్నాయి. అవన్నీ మేము అమ్మేశామని చెప్పే కాగితాలు. మేము పండించామని చెప్పే కాగితం అదొక్కటే.

ఇంకో కారణం కూడా ఉంది. అది చెప్పాలంటే పై అంతస్తు మనిషి గురించి చెప్పాలి.

గోదావరి వైపు నుంచి వచ్చి పద్దెనిమిదేళ్లుగా మా ఇంట్లో కిరాయికి ఉంటున్నాడు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఇతరులు చేసిన పనిలో తప్పులు వెతికి పట్టుకోవడం, అంతే. పొద్దంతా తప్పులు పట్టి వచ్చిన ఆ మనిషి సాయంత్రం మేడ మీద నా ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని టీ తాగుతూ నా కథలు వినేవాడు, ఒక్క తప్పూ పట్టకుండా. సరిగ్గా కథ ఎక్కడ బిగుస్తుందో అక్కడ గ్లాసు కింద పెట్టి, కళ్లు పెద్దవి చేసి, "అయ్యబాబోయ్, నిజమేనాండీ" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం నేను ఎన్ని పులులను పుట్టించానో.

వాటిలో పెద్దపీట మువ్వల పులిది. మా తాత ఓ రాత్రి మంచె మీద కాపలా ఉండగా గుట్ట మీంచి చిరుతపులి దిగింది. తూటాల్లో కూరే సీసపు గుండ్లు అయిపోయాయి. చేతికి అందిన మా నాయనమ్మ కాలిపట్టీ తెంపి, దాని మువ్వలు కూరి, రెండు గొట్టాలూ ఒకేసారి పేల్చాడు. పులి చావలేదు. మువ్వలు చర్మం కిందే ఉండిపోయాయి. ఆనాటి నుంచి అది ఎక్కడ అడుగు వేసినా ఘల్లు ఘల్లుమనేది. మేకలు మైలు దూరం నుంచే విని పారిపోయేవి. పాపం ఆకలికి ఆగలేక జొన్నకంకులు తినడం మొదలుపెట్టింది. పొద్దుగూకితే చేను గట్టున చప్పుడు వినిపించేది, మా నాయనమ్మ "వచ్చినయ్ నా పట్టీలు" అని లేచి గట్టు మీద ఇంత సంకటి పెట్టి వచ్చేది. పన్నెండు మువ్వల్లో పదకొండు పులికి పోయాయి, ఒకటి ఇంట్లో మిగిలింది.

ఈ కథ విన్నవాళ్లు ఎవరైనా చివర్లో అడిగేది ఒకటే, ఆ తుపాకీ ఏదని. జమ చేశామని చెబితే మొహాలు మారేవి. గోడ మీద ఒక తుపాకీ వేలాడితే ఇక అడగరు కదా అని నా ఆశ.

ఒకరోజు పై అంతస్తు మనిషే కబురు తెచ్చాడు. వాళ్ల ఆఫీసులో ఒకాయనకు తెలిసిన ముసలాయన దగ్గర పాత డబుల్ బ్యారెల్ ఉందట. లైసెన్సు ఉన్న మనిషి దొరికితే ఇచ్చేస్తాడట. మా ఆవిడ వినగానే అంది: "ఇప్పటిదాంక నోటితోనే కాలుస్తున్నవ్ గద, ఇగ తుపాకెందుకు?"

శనివారం పై అంతస్తు మనిషి కారులోనే బాలానగర్ వెళ్లాం. ముసలాయనది లేత్ వర్క్‌షాపు. మిషన్ మీద టార్పాలిన్ కప్పి ఉంది, పని ఆపేసి చాలాకాలమైనట్టుంది, ఇనుప రజను వాసన మాత్రం పోలేదు. ఎనభై దాటిన మనిషి, ఖాకీ చొక్కా, చేతులు కొంచెం వణుకుతున్నాయి. పాత దుప్పటి విప్పి తుపాకీని బల్ల మీద పెట్టాడు.

"జర మెల్లగ పట్టు బిడ్డా. ముసలిది. నా లెక్కనే దీనికీ మోకాళ్లు వదులైనయ్."

చెక్క పిడికి పగులు ఉంటే రాగితీగ చుట్టాడు. గొట్టాల మీది నలుపు రాలిపోయి బూడిద రంగు తేలింది. మధ్యలో విరిచి వెలుతురుకు ఎత్తి చూశాను. కుడి గొట్టం అద్దంలా ఉంది, ఎడమ గొట్టం లోపల తుప్పు తిన్న గుంతలు. మూస్తే బందు అరిగిన తలుపులా కటుక్కుమంది. అయినా భుజానికి ఆనించగానే ఒళ్లు ఒక్కసారి నిటారుగా అయింది. పిడి మీద చెంప ఆనేచోట ఎవరిదో చెంప అరగదీసిన నున్నటి పల్లం ఉంది, నా చెంప అందులో సరిగ్గా కూర్చుంది.

పై అంతస్తు మనిషి జేబులోంచి దారపు ఉండ తీశాడు. "వీడియోల్లో చూశానండి. గొట్టాలు పిడి నుంచి విడదీసి వేలాడదీసి కొట్టాలట. అతుకు బాగుంటే గంటలా మోగాలటండి." మేకుకు వేలాడదీసి స్క్రూడ్రైవర్ చెక్కపిడితో కొట్టాడు. గంట మోగలేదు. టిఫిన్ డబ్బాలో మరమేకు పడ్డట్టు గరగరమంది.

"మధ్య అతుకు వదిలిందండి, అన్నగారూ. కాల్చకూడదు."

"యాభై ఏండ్లు ఇనుము కోసినోన్ని, నాకు తెల్వదా?" అన్నాడు ముసలాయన, కోపమేమీ లేకుండా. "కాల్చనీకి కాదు, పెట్టుకోనీకి."

నాకూ కావలసింది అదే. అవునని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో ఆయన నన్ను చేత్తో ఆపాడు.

"ఉత్త ఇనుము లెక్క చూడకు బిడ్డా. దీనికో ముచ్చట ఉన్నది. మా నాయిన చేన్ల మంచె మీద ఉండంగ చిరుత దిగింది. గుండ్లు ఒడిసినయ్…"

మొదట సంతోషమే వేసింది. పాత తుపాకులన్నింటికీ ఇలాంటి రాత్రి ఒకటి ఉంటుంది కాబోలు అనుకున్నాను. తర్వాత వాళ్లమ్మ కాలిపట్టీ వచ్చింది. పులి ఘల్లుమంది, మేకలు పారిపోయాయి, జొన్నకంకులు వచ్చాయి. "పదకొండు పులికి పోయినయ్, ఒక్కటి మిగిలింది" అంటూ ఆయన సొరుగు లాగి, గుడ్డలోంచి ఒక మువ్వ తీసి నా అరచేతిలో పెట్టాడు. నేను పుట్టించిన అబద్ధానికి ఈయన సాక్ష్యం సంపాదించాడు. అది వెండి కూడా కాదు, మేక మెడలోది.

పై అంతస్తు మనిషి వైపు చూశాను. అతను లేత్ మిషన్ వైపు చూస్తున్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "కాకా, తుపాకి నీ దగ్గర్నే పెట్టుకో. పులి నాది, మువ్వలు మా నాయనమ్మవి. వాటిని మాత్రం నాకిచ్చెయ్" అని, మువ్వ బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను.

కారు కూకట్‌పల్లి చేరింది. సిగ్నల్ దగ్గర ఆగాక అడిగాను.

"ఆయనకెవరు చెప్పిన్రు?"

"నేనేనండి."

"ఎందుకు?"

"ఫోన్ చేసినప్పుడు అడిగారండి, మీ ఓనరుగారికి తుపాకీ దేనికని. పెళ్లి బరాత్‌లో గాల్లోకి పేల్చేవాళ్లకి ఇవ్వనన్నారు. మీరు అలాంటివారు కాదని చెప్పడానికి పులి కథ చెప్పానండి. ఆయన చాలా నవ్వారు. ఆయన నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చేసిందండి."

అక్కడ తగిలింది నాకు. ముసలాయన కథ తీసుకున్నాడు, పోనీ, మంచి కథ కాబట్టి తీసుకున్నాడు. ఇతను నవ్వాడు. పద్దెనిమిదేళ్లలో నా ముందు ఒక్కసారి కూడా నవ్వనివాడు.

"తమ్మీ, ఒక్కటడుగుత. ఎన్నడన్న నమ్మినవా?"

సిగ్నల్ మీద అంకెలు తగ్గుతుంటే చూస్తూ కూర్చున్నాడు. "అన్నగారూ, మొదటిసారి చెప్పినప్పుడు తొమ్మిది మువ్వలండి. మా పాప పుట్టిన ఏడాదికి పన్నెండయ్యాయి. పులి మొదట్లో మగది. తర్వాత పిల్లలు కూడా పుట్టాయి. ఒకసారి మంచె మీద మీ తాతగారి పక్కన మీరు కూడా ఉన్నారండి. అప్పటికి మీ నాన్నగారికే పెళ్లి కాలేదు."

"అన్ని తప్పులూ పట్టినవన్నట్టు."

"నా పనే అది కదండీ."

"మరి ఎన్నడు చెప్పకపోతివి?"

"ఆఫీసులో చెబితే సరిచేస్తారండి. మేడ మీద చెబితే మీరు కథ ఆపేస్తారు." గేరు వేస్తూ అన్నాడు: "నమ్మకపోతే వినకూడదాండీ?"

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. జవాబుకు బదులు ఒక పాత రోజు గుర్తొచ్చింది. వానలో చిక్కుకుంటే అతన్ని తీసుకురావడానికి వాళ్ల ఆఫీసుకు వెళ్లాను. గేటు దగ్గర వాళ్ల టీం పిల్లలు నన్ను చుట్టుముట్టి, "అంకుల్, పులి బాగుందా?" అని అడిగారు. ఎంత గౌరవమో అనుకుని వాళ్లకు అక్కడే నిలబడి మరో పులి కథ చెప్పాను. ఒక అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. చలేస్తోంది కాబోలు అనుకున్నాను.

ఆ రోజు నుంచి మేడ ఎక్కడం మానేశాను. మెట్ల మీద ఎదురైతే అడుగుతాడు, "ఈవేళ కూడా పైకి రారాండీ?" అని. మోకాళ్లు నొప్పులంటాను. నా జన్మలో చెప్పిన అబద్ధాలన్నింట్లోకీ అది చిన్నది. అతను దాన్ని కూడా నమ్మడు. నమ్మడని ఇప్పుడు నాకు తెలుసు. అందుకే చెప్పేటప్పుడు రుచి లేదు.

వేరే తుపాకీ కోసం వెతకలేదు. గడువుకు ముందే వెళ్లి లైసెన్సు ఇచ్చేశాను. అదే గుమాస్తా.

"ఏంది సార్, పంట కోసేసిన్రా?"

"కోసేసినం."

అతనికి ఏమనిపించిందో, ముద్ర వేసే ముందు తనే లేచి వెళ్లి ఒక జిరాక్సు తీసి ఇచ్చాడు.

ఇక ప్రమాణం సంగతి. ప్రతి మాటా నిజమన్నాను. ఒక్కచోట కల్పించాను. మేక మువ్వ, గొట్టాల గరగర, కారులో మాటలు, చున్నీ అడ్డం పెట్టుకున్న అమ్మాయి, ఇవన్నీ జరిగినవే. జరగనిది నేను లేచి నిలబడటం.

నేను లేవలేదు. పులి నాదని అనలేదు. ఆ షెడ్డుకు ఎవరూ వచ్చి చాలాకాలమైనట్టుంది. పులి జొన్నకంకి కొరికే దగ్గరకు వచ్చేసరికి ముసలాయన చేతుల వణుకు ఆగిపోయింది. అలా ఆగడం ఏమిటో నాకు తెలుసు. నేను ఆయన తెప్పించిన టీ గ్లాసు కింద పెట్టి, కళ్లు పెద్దవి చేసి, "అబ్బ, నిజమేనా కాకా?" అన్నాను. తర్వాత ఏమైందని కూడా అడిగాను. ఆయన చివరిదాకా చెప్పాడు. తుపాకీ సంగతి ఆలోచించుకుని చెబుతానని లేచి వచ్చాను. అప్పుడే పై అంతస్తు మనిషి లేత్ మీంచి చూపు తిప్పి మొదటిసారి నా వంక చూశాడు. నమ్మకపోతే వినకూడదా అని సిగ్నల్ దగ్గర అతను అడిగినదానికి నాకెందుకు జవాబు దొరకలేదో ఇప్పుడు మీకు తెలిసింది. తెలిసినంత మాత్రాన నా కోపం పోయిందనుకోకండి, పోలేదు.

ముసలాయన చెప్పిన ముగింపులో పులి ఎక్కడికీ వెళ్లిపోలేదు. గుట్టలోనే ముసలిదై, ఒక బండ సందులో పడుకుని పోయింది. ఎన్నో ఏళ్లకు ఆఫీసులు కట్టడానికి ఆ బండలు పేల్చి రాళ్లు ఎత్తుతుంటే, పొక్లెయిన్ తొట్టిలో ఘల్లుమని చప్పుడైందట. డ్రైవరు ఇంజిన్ ఆపేసి దిగి చూశాడట. నా కథకు ఇన్నేళ్లూ సరైన ముగింపు లేదు. ఇప్పుడు ఐటీ పార్కు ముందు టీకొట్టు దగ్గర పిల్లలకు ఇదే చెబుతున్నాను. ఈ ముక్క నేను కల్పించింది కాదు, దొంగిలించింది.