ఉగాది దాకా ఆగమన్నారు

నాకు కోపం ఎక్కువని జర్మనీలోని మా ఇంగోల్‌స్టాట్ తెలుగువాళ్ళంతా అంటారు. నిజమే. కానీ ఇది పుట్టుకతో వచ్చింది కాదు, వాళ్ళు తెప్పించిందే.

ఇండియా వెళ్ళొచ్చే ప్రతివాళ్ళ సూట్‌కేసులో ఆవకాయ పక్కన ఒక మందుల సంచీ ఉంటుంది. ఇక్కడ డాక్టరు చీటీ లేనిదే యాంటీబయాటిక్ ఇవ్వరు. టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికేసరికి జ్వరం దానంతటదే పోతుంది. అందుకని వాట్సాప్ గ్రూపులో అడగడం, ఉన్నవాళ్ళు ఇవ్వడం మాకు అలవాటు. ఆ అలవాటును ఒకాయన వ్యాపారం చేసుకున్నాడు. ఇంజనీరు, మంచి జీతం. అయినా కక్కుర్తి. సూపర్‌మార్కెట్ పార్కింగులో కారు డిక్కీ తెరిచి మాత్రలు అమ్మేవాడు.

ష్వైన్‌ఫర్ట్‌లో చదువుకునే మా చెల్లి క్రిస్మస్ సెలవులకు మా ఇంటికొచ్చి, మూత్రంలో మంటతో మంచం పట్టింది. మా డాక్టరు క్లినిక్ మూసేసి ఉంది. గ్రూపులో అడిగితే ఆయనే పలికాడు. పార్కింగులో చెల్లి నా ముందే అడిగింది.

"అన్నా, ఇందులో సల్ఫా లేదు కదా? నాకు పడదు."

"ఏం లేదమ్మా, అందరూ వేసుకుంటున్నారు. నిశ్చింతగా వేసుకో," అని, పేరున్న వైపు కత్తిరించేసిన స్ట్రిప్పు చేతిలో పెట్టాడు.

ఉంది. ఒళ్ళంతా బొబ్బలెక్కి, నోరు పొక్కిపోయి ఆసుపత్రిలో చేరింది. అక్కడే తేల్చారు, ఆ మాత్రలో ఉన్నది సల్ఫానే అని. చర్మం మానింది గానీ కళ్ళు మునుపటిలా లేవు. ఎండలోకి వస్తే నీళ్ళు కారతాయి, స్క్రీన్ చూస్తే మండుతాయి. అది చదివేది మెషీన్ డిజైను. రోజంతా స్క్రీన్ చూడకుండా ఆ చదువెలా సాగుతుంది?

పోలీసుల దగ్గరికి వెళ్దామని బయల్దేరుతుంటే మా తెలుగు సంఘం అధ్యక్షుడు ఇంటికొచ్చాడు. హైదరాబాదాయన.

"తొందరపడకు చెల్లె. మనోడే గదా. పిల్లలున్నరు, పర్మినెంట్ వీసాకు పెట్టుకున్నడు, కేసయితే అంత పోతది. ఉగాది ఫంక్షన్ల అందరం కూసొని మాట్లాడుదం. నీ చెల్లెను మాఫీ అడుగుతడు, నా పూచీ."

మా చెల్లి మెత్తనిది. "ఆ పిల్లల మొహం చూసి ఆగుదాం అక్కా" అంది. బొబ్బలెక్కింది దాని ఒంటికి. నేనేమనగలను? పళ్ళు నూరుకుని ఊరుకున్నాను.

ఉగాది వచ్చింది. పచ్చడి పంచారు, పంచాంగం చదివారు, పిల్లల చేత డాన్సులు చేయించారు. ఆయన మాత్రం రాలేదు. "ఏదో పని పడ్డదంట" అని అధ్యక్షుడు ఫోటోలు దిగడానికి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే గ్రూపులో నాలుగు మాటలు దులిపి, చెల్లిని వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను.

అక్కడి ఆఫీసరు ఓపిగ్గా విన్నది. అజాగ్రత్త వల్ల ఒంటికి హాని జరిగితే, హాని జరిగిన మనిషే శిక్షించమని అడగాలట. అదీ, చేసిందెవరో తెలిసిన మూడు నెలల్లోపే. ఆ గడువు దాటిపోయింది. ప్రజల మేలు కోసం అవసరమని ప్రాసిక్యూటరు అనుకుంటే తప్ప కష్టం అంది. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అన్నారా! అయితే చీటీ లేకుండా మందులు అమ్మడం వేరే నేరమట. దానికి ఎవరూ అడగక్కర్లేదు, గడువు కూడా ఏళ్ళల్లో ఉంది. కానీ అమ్మాడని రుజువు కావాలంటే కొన్నవాళ్ళు నోరు విప్పాలి. ఆ మాట విని చెల్లి నన్ను బయట కూర్చోమంది. లోపల చాలాసేపు ఒక్కతే మాట్లాడింది.

సాయంత్రం అధ్యక్షుడు ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టాను.

"ఇంక ఎందుకు చెల్లె ఈ లొల్లి? టైమయిపోయింది గదా. ఉగాది దాటితే ఏం కాదని వకీలు మొదలే చెప్పిండు."

ముందే తెలుసన్నమాట! మా ఇంట్లో సోఫాలో కూర్చుని, నేను పెట్టిన టీ తాగుతూ, గడువు లెక్కపెట్టుకున్నాడు. నేను తిట్లు లంకించుకునేలోపే ఫోను చెల్లి అందుకుంది.

"మీ అమ్మగారి బీపీ మాత్రలు కూడా ఆ డిక్కీలోవే కదా అన్నా?"

"అయితే?"

"కొన్నవాళ్ళెవరని పోలీసులు అడిగారు. గ్రూపులో నాకు తెలిసినవాళ్ళందరి పేర్లూ చెప్పాను. మీదే మొదట చెప్పాను," అంది, ఎప్పటిలాగే మెత్తగా.