తప్పుదోవ అనే మాట

కొత్త కరపత్రాల కట్ట విప్పగానే పచ్చి సిరా వాసన గుప్పుమంటుంది. కొంపల్లిలో ఇప్పుడు నేను పనిచేసే ఏసీ గదిలో ఆ వాసన తగిలితే చాలు, మేడ్చల్‌లోని మేరీ మేడం ప్రింటింగ్ ప్రెస్సు గుర్తొస్తుంది. గోడ మీది సిలువ, ముక్కు చివరికి జారిన కళ్లద్దాల మీదుగా ఆవిడ చూసే చూపు కళ్ల ముందు కదులుతాయి. నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆవిడే. పెళ్లికార్డులు, చర్చి పండుగల నోటీసులు కంప్యూటర్‌లో తయారు చేయడం నా పని.

ఒక ఎండాకాలం, తూంకుంట అవతల ప్లాట్లు అమ్మే వ్యాపారి ఒకాయన బ్రోచర్ వేయించడానికి వచ్చాడు. అంత పెద్ద పని మా ప్రెస్సుకు అంతకుముందు రాలేదు. చదునైన నేల ఫోటో, దాని కింద ‘చెరువును ఆనుకుని, చల్లని గాలిలో మీ ఇల్లు’ అన్న మాటలు. నేను హుషారుగా పేజీ తయారు చేసి చూపించాను. మేడం ఆ ఫోటో మీది నుంచి చూపు తిప్పలేదు.

“ఇది తప్పుదోవ పట్టిస్తాంది బిడ్డా.”

“ఇందులో అబద్ధమేముంది మేడం? చెరువుంది, నేలుంది, గాలీ ఉంది” అన్నాను.

“తెలువక జెప్తే పొరపాటు. లేనిది ఉన్నదంటే అబద్ధం. గిది గా రెండూ కాదు. అన్నీ నిజాలే. కని సదివినోడు గీ ఎండిన నేలను సూసి ఇల్లు కట్టుకుంటడు. వానకాలంల గక్కడ మోకాలు మునుగుతది. నేను పుట్టి పెరిగింది గా దిక్కే.”

మర్నాడు వ్యాపారికీ అదే చెప్పారు. అతని మొహం ఎర్రబడింది.

“ఒక్క మాట అబద్ధముంటే సూపెట్టున్రి మేడం!”

“ఒక్కటి గూడ లేదు సార్. వానకాలం ఫోటో గూడ పక్కన పెట్టున్రి, ఇప్పుడే ఏస్త.”

“మస్తు ప్రెస్సులున్నయ్” అంటూ అతను కాగితాలు లాక్కుని వెళ్లిపోయాడు. తర్వాత చాలా రోజులు మిషన్ ఊరికే పడి ఉంది. ప్రెస్సు మూతపడుతుందేమోనని నాకు బెంగ. మేడం మాత్రం ఆ విషయం మళ్లీ ఎత్తలేదు.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం యాప్రాల్ నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా బురద. చేతిలో అదే బ్రోచర్, వేరే ప్రెస్సులో అచ్చయింది. అక్కడ ప్లాటు తీసుకుంటామని మాటిచ్చి, ఎందుకో మనసు ఒప్పక వానలోనే చూసొచ్చారట. ఆ వ్యాపారి బ్రోచర్ పని మీద మా ప్రెస్సుకు వచ్చాడని ఎవరో చెప్పారట.

“గిది మీరు ఏసిందేనా?” అని ఆయన కోపంగా అడిగాడు.

“కాదన్నా. మా మేడం ఏయనన్నది” అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన భార్య మేడం వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. మేడం ఆమెను కూర్చోబెట్టి టీ తెప్పించారు. తర్వాతి ఏడాది వాళ్లు మెరక నేలలో ఇల్లు కట్టుకుని, గృహప్రవేశం కార్డులు మా దగ్గరే వేయించుకున్నారు.

మేడం ఇప్పుడు లేరు. ప్రకటనలు రాసేవాళ్లు కొందరు నా కింద పనిచేస్తున్నారు. వాళ్లు రాసింది నిజమా కాదా అని మాత్రమే చూసి వదిలేయను. చదివినవాళ్లు చివరికి ఏమని నమ్ముతారో కూడా చూస్తాను. ఆ పట్టుదల వల్ల లాభసాటి ఆర్డర్లు కొన్ని చేజారాయి. చేజారిన ప్రతిసారీ తలెత్తుకునే ఇంటికి వెళ్లాను.