బాపు చేతిలో బర్మా, అవ్వ చేతిలో రోకలి

పై అంతస్తులోకి కొత్తగా వచ్చిన దంపతులు పొద్దుటి నుంచి గోడలకు బెజ్జాలు వేస్తున్నారు. చప్పుడు కన్నా ముందు నన్ను పట్టుకునేది ఆ వాసన. వేడెక్కిన ఇటుక పొడి, కమిలిన ఇనుము, వాటి వెనుక ఎక్కడో సన్నగా కాలుతున్న రబ్బరు, అన్నీ కలిసి మా వరండాలోకి దిగుతాయి. ఇంట్లోవాళ్లు విసుక్కుంటూ కిటికీ తలుపులు మూసేస్తారు. నేను మాత్రం కుర్చీ వరండాలోకి లాక్కుని కూర్చుంటాను. ఈ చంద్రపూర్‌ను అందరూ చాందా అనే పిలిచే రోజుల్లో, బాబుపేట్‌లోని మా రెండు గదుల ఇంట్లో మొదటిసారి ఆ వాసన పీల్చినప్పుడు నాకు ఎనిమిదేళ్లుంటాయేమో. గుళ్లో హారతి కళ్లకద్దుకున్నంత భక్తిగా పీల్చాను.

మా తాతలది ఏటికి అవతల, రాజురా దగ్గరి పల్లె. అక్కడి వ్యవసాయం వదిలి మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, లాల్‌పేట్ బొగ్గుగనిలో పంపులు నడిపే పనికి వచ్చాడు. ఆయన వెంట ఆయన తల్లి, మా బాపమ్మ, వచ్చింది. అవి రాష్ట్రాల సరిహద్దులు కొత్తగా గీస్తున్న సంవత్సరాలు. మేమున్న చాందా మధ్యప్రదేశ్ నుంచి బొంబాయి రాష్ట్రంలోకి వచ్చింది. బాపమ్మ పుట్టిన పల్లె హైదరాబాద్ నుంచి విడివడి అదే రాష్ట్రంలో కలిసింది. బడి గోడ మీద పాత పటం తీసేశారు గానీ కొత్తది రావడం ఆలస్యమై, చాలా రోజులు అక్కడ వట్టి మేకు మాత్రమే ఉండేది. ఇదంతా బాపు చెబుతుంటే బాపమ్మ ఆకు నములుతూ, "నిన్న నైజాం అన్నరు, గిప్పుడు బొంబాయి అంటున్నరు. నేనైతే ఏరు దాటింది ఒక్కపారే, నీ ఎంబడి," అనేది.

మా ఇల్లు మట్టి అడుసుతో పేర్చిన ఇటుక గోడలది, పైన గూనపెంకులు. ఎండాకాలం ఆ పెంకులు పొయ్యి మీద పెనంలా కాగి, తడిపిన గోనెపట్టా గుమ్మానికి వేలాడదీస్తే గంటలో ఎండి బిరుసెక్కేది. వానాకాలం నల్లరేగడి బురద కాళ్లకు చెప్పుల్లా అంటుకుని గడపదాకా వచ్చేది. ఏ కాలంలోనైనా ఆరేసిన బట్టల మీద బొగ్గు నుసి సన్నగా వాలేది. గని సైరన్ కూసినప్పుడల్లా వీధిలో ఆడవాళ్లు ఎసరు పెట్టేవాళ్లు, మేం కచ్చకాయలు ఒళ్లో పోసుకుని ఇళ్లకు పరిగెత్తేవాళ్లం. ముందుగదిలోనే వంట, పడక, చదువు. లోపలి గది బాపమ్మది. దానికి కిటికీ లేదు. కళ్లకు పొర కమ్మి ఆమెకు మనుషులు నీడల్లా ఆనేవాళ్లు; వెలుతురు బాగా ఉంటే రంగులు మాత్రం తెలిసేవి. ఆ గదిలో వెలుతురే లేదు కనుక, ఆమెకు రంగులూ లేవు.

బాపుకు ఇంటి పని ఏదైనా సొంతంగా చేసుకోవాలని పట్టుదల. చెయ్యి మాత్రం ఆ పట్టుదలకు లొంగేది కాదు. ఆయన కొట్టిన చెక్కబల్ల మామిడికాయ తొక్కు జాడీతో సహా కూలి, ఇల్లంతా వారం రోజులు మెంతుల వాసన వేసింది. బిగుసుకుపోయిన తలుపును చిత్రిక పట్టి పట్టి, చివరకు మూసి ఉన్నా కింది సందులోంచి వీధి కుక్కపిల్ల దర్జాగా లోపలికి వచ్చేలా చేశాడు. పెంకులు సర్దడానికి పైకెక్కితే అంతకుముందు చుక్కలుగా కారిన చోట ధార కట్టింది. ప్రతిసారీ నడుము మీద చేతులు వేసుకుని, "గీసారి జూడుండ్రి," అనేవాడు. మేం చూసేవాళ్లం.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పడుతుండగా గని బంగళాలో ఉండే దొర ఒకాయన ఉద్యోగం వదిలి తన దేశం వెళ్లిపోతూ ఇంటి సామాను వేలం వేయించాడు. బల్ల మీద పెట్టుకునే పంకా తెమ్మని అవ్వ, అంటే మా అమ్మ, బాపును పంపింది. ఆయన ఒళ్లో బిడ్డను ఎత్తుకొచ్చినట్టు రెండు చేతులా మోసుకొచ్చింది పంకాను కాదు, కరెంటుతో తిరిగే బర్మాను. అప్పటిదాకా బర్మా అంటే వడ్లాయన విల్లు తాడు చుట్టి అటూ ఇటూ లాగి చెక్కకు బెజ్జం వేసే పుల్లలాంటి పనిముట్టే నాకు తెలుసు. ఇది ఇనుప పంది పిల్లలా ఉంది. వెనకొక పిడి, పక్కకొక పిడి, ముందు మెలికలు తిరిగిన ముక్కు. వేలంలో ఇంకో చిన్నది కూడా ఉందట, ఒంటి చేత్తో పట్టేది. దాన్ని మా పక్క వీధిలో ఉండే గణపత్ కాకా, గనిలో కరెంటు పని చేసే మరాఠీ ఆయన, కొనుక్కున్నాడు.

"పంక తెమ్మంటె గిదేందయ్యా?" అంది అవ్వ.

"పంక గాలిస్తది, గంతే. గిది ఇల్లునే మారుస్తది," అన్నాడు బాపు.

"ఎప్పుడన్న ఒక మొల కొట్టెటోనికి గింత పెద్ద మిషినెందుకు? తొక్కు నూరెతందుకు ఇంట్ల పిండి గిర్ని పెట్టుకుంటరా ఎవలన్న?"

బాపు బల్బు తీసేసి ఆ హోల్డరుకు తీగ తగిలించి, వాకిట్లో ఒక టేకు చెక్క మీద దాని ముక్కు ఆనించి మీట నొక్కాడు. ఆ క్షణం నేను మరిచిపోలేను. ఇంటి ముందు తేనెతుట్టె రేగినట్టు ఒక్కసారిగా హోరు పుట్టింది, గుమిగూడిన వీధివాళ్లంతా ఒక అడుగు వెనక్కి వేశారు, చెక్కలోంచి బంగారు రంగు పొట్టు జడకుచ్చులా చుట్టలు చుట్టుకుంటూ పైకి లేచింది. వడ్లాయన చెమటోడ్చి వేసే బెజ్జం మా బాపు రెప్పపాటులో వేశాడు! మేం నోళ్లు తెరుచుకుని చూస్తుండగానే ముక్కు చెక్కలో ఇరుక్కుంది. ముక్కు ఆగిపోయేసరికి యంత్రమే తిరగడం మొదలుపెట్టి, బాపు మణికట్టును మెలిపెట్టి, ఆయన్ను తులసికోట పక్కన కూర్చోబెట్టింది. అయినా ఆ సాయంత్రం నా కళ్లకు ఆయన ఇంద్రుడే.

బతుకమ్మ పండుగ దగ్గర పడింది. మా ఇంటి వెనక సందులోంచే ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకుని నీళ్ల వైపు వెళ్తారు. లోపలి గదికి ఆ సందు వైపు కిటికీ పెడితే తల్లి మంచం మీది నుంచే పువ్వులు చూస్తుందని బాపు ఆలోచన. నాకు తెలిసి ఆయనకు వచ్చిన ఆలోచనల్లో అదే గొప్పది. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస అమావాస్యకు ముందు రోజు అవ్వ పొద్దున్నే ఇల్లంతా అలికింది. పేడ వాసన, తడి వాసన చల్లగా పరుచుకుని ఉన్నాయి. ముందుగదిలో ఆమె సత్తుపిండి కోసం వేయించిన పెసర్లు రోట్లో పోసి దంచుతోంది. గనిలో పని ముగించుకుని వచ్చిన బాపు తువ్వాలు నడుముకు చుట్టుకుని, ఉత్త కాళ్లతో ఆ తడి నేల మీద నిలబడి, గోడకు బర్మా ఆనించాడు. నేను బాపమ్మ మంచం కోడు పట్టుకుని చూస్తున్నాను.

హోరు మొదలైంది. ఇటుక పొడి ఎర్రగా రాలింది. తర్వాత బాపు గొంతులోంచి ఎప్పుడూ వినని ఒక శబ్దం వచ్చింది, అరుపు కాదు, మూలుగు కాదు. ఆయన ఒళ్లంతా వణుకుతోంది. యంత్రాన్ని వదలడం లేదు. అది ఆయన్ను వదలడం లేదని నాకు తెలియలేదు. పళ్లు బిగుసుకుపోయి ఆయన నవ్వుతున్నట్టుంటే నేనూ నవ్వబోయాను.

అవ్వ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో రోకలి అలాగే ఉంది. ఒక్క చూపు చూసింది. రోకలి రెండు చేతులా ఎత్తి, బాపు ముంజేతుల మీద, యంత్రం మీద కలిపి అడ్డంగా ఒక్క దెబ్బ కొట్టింది. బర్మా ఎగిరి పడింది, తీగ హోల్డరులోంచి ఊడింది, బాపు నేల కూలాడు.

నీడలు మాత్రమే ఆనే బాపమ్మకు కనిపించింది ఒక్కటే, కోడలు కొడుకును కొట్టడం.

"అయ్యో, అయ్యో! మొగన్ని రోకలిబండతోని కొడ్తున్నవానే! పంక తేలేదని నా కొడుకును సంపుతవా?" అని మంచం మీది నుంచి లేచి, అవ్వ కొంగు అందుకుని గుంజింది.

అవ్వ బాపు తల ఒళ్లో పెట్టుకుని చెంపలు తడుతోంది. కాసేపటికి ఆయన కళ్లు తెరిచి, నాలుక కూడదీసుకుని తల్లితో అన్నాడు: "కొట్టింది కాబట్టే బతికిన్నే, అమ్మా."

బాపమ్మ కేకలు విని గణపత్ కాకా పరుగున వచ్చాడు. బాపు చెయ్యి చూశాడు, యంత్రం చూశాడు, తడి నేల చూశాడు. గనిలో మావాళ్ల దగ్గర నేర్చుకున్న తెలుగులో, వదినా అన్న పిలుపు మాత్రం మరాఠీలోనే ఉంచి, "వహినీ, చేతుల్తోని గుంజితే నువ్వు గూడ అంటుకుపోతుంటివి. ఎండు కట్టెతోని కొట్టాలని నీకెవరు జెప్పిన్రు?" అని అడిగాడు.

"ఎవ్వలు జెప్పలే," అంది అవ్వ. "చేతిల గదే ఉండె."

బాపు అరచేతులు కాలాయి, దెబ్బకు కుడి ముంజెయ్యి వాచింది. ఆ యంత్రాన్ని బావిలో పారేస్తానన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. "భయపడి మూలకు పెడితే అత్తమ్మ సీకట్లనే ఉంటది. మిషినుది కాదు తప్పు, మనది గాని సైజుది తెచ్చుకున్నం," అని కాకా వైపు తిరిగి, "అన్నా, గీ పెద్దది మీరు తీస్కోండ్రి, మీకాడ ఉన్న చిన్నది మాకియ్యుండ్రి. ఇంటి పనికి ఒంటి చేత ఆగేది సాలు," అంది.

కాకాకు పెద్దది పనికొచ్చేదే కనుక సంతోషంగా మార్చుకున్నాడు. చిన్నదాని ఇనుప ఒంటి నుంచి వేరే తీగ లాగి, వాకిట్లో గుంత తవ్వి బొగ్గు, ఉప్పు నింపి అందులో దించాడు. దారి తప్పిన కరెంటు మనిషిలోకి పోకుండా భూమిలోకి పోతుందన్నాడు. గోడ విరుచుకు పడకుండా కిటికీ రావలసిన చోటికి పైన ముందుగా ఒక టేకు దూలం ముక్క దూర్పించాడు. బాపు ఎడమ చేత్తో బొగ్గు పట్టుకుని గోడ మీద చతురస్రం గీశాడు. బర్మా పట్టే చెయ్యి మాత్రం ఆయనకు లేదు. అవ్వ పట్టింది.

ఇంతవరకూ నేను చూసిన వింతల్లో అది మొదటిది. ఎండిన నేల మీద పీట, పీట మీద మోకాళ్లదాకా వచ్చే బాపు గని బూట్లు, ఆ బూట్లలో గోచీ పోసి చీర కట్టుకున్న మా అవ్వ. గీసిన గీత వెంట ఒక బెజ్జం, దాని పక్కన ఇంకో బెజ్జం. ముక్కు వేడెక్కి పొగ వస్తే ఆపి, చల్లారేదాకా పిండి కలిపి వచ్చి, మళ్లీ పట్టేది. జుట్టంతా ఎర్రటి పొడి. తొందర లేదు, "గీసారి జూడుండ్రి" లేదు. పండుగ రోజులన్నీ అలా సాగాయి. సద్దుల బతుకమ్మ నాటి మధ్యాహ్నం గడ్డపారతో పొడిస్తే గోడ ముక్క సందులోకి జారిపడింది. వెలుతురు లోపలికి నిలువెత్తు మనిషిలా వచ్చి బాపమ్మ మంచం మీద కూర్చుంది.

సాయంత్రం సందులో పాటలు మొదలయ్యాయి. బాపమ్మ మొహం కిటికీకి ఆనించి కూర్చుంది. ఇంకా ఎండ ఉంది.

"పచ్చగ ఏందో పోతుందే," అంది. "తంగెడే గదా? అగో, దాని మీద తెల్లగ గునుగు!"

చెయ్యి చాచి గాలిలో అవ్వ కోసం వెతికింది. అవ్వ వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. సందును కలుపుకుని మూడంతస్తుల దుకాణం లేచింది. మధ్యాహ్నాల దంపుళ్లు, అలికిన నేల చల్లదనం, వీధికంతటికీ ఎసరు పెట్టించే సైరన్, ఏవీ లేవు. పోయిన నెల అటు వెళ్లి దుకాణం మెట్ల మీద కూర్చుంటే, అక్కడ పనిచేసే అమ్మాయి మంచినీళ్లిచ్చి మరాఠీలో పలకరించింది. మేం రాజురా వైపు తెలుగువాళ్లమని చెప్పగానే, తమదీ అటే, కోర్‌పనా దగ్గరని, ఇంట్లో పెద్దవాళ్ల తెలుగు అర్థమవుతుందిగానీ తిరిగి చెప్పడం తడబడుతుందని అంది. ఆమెకు ఈ కథంతా చెప్పాను. శ్రద్ధగా విని, మాటలు వెతుక్కుంటూ తెలుగులోనే అడిగింది: "మరి మీ అవ్వకు భయం కాలేదా?"

ఇన్నేళ్లలో నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. అవ్వ ఎప్పుడో పోయింది, అడగడానికి లేదు. ఇంటికి వచ్చే దారంతా ఆలోచిస్తుంటే, రోకలి దెబ్బ నాటి సాయంత్రం గుర్తొచ్చింది. అందరూ వెళ్లిపోయాక అవ్వ పొయ్యి ముందు కూర్చుంది. అగ్గిపుల్ల గీసింది, విరిగింది. ఇంకోటి గీసింది, అదీ విరిగింది. పెట్టె సగం ఖాళీ అయినా పొయ్యి అంటుకోలేదు. అలికిన తడికి పెట్టె మెత్తబడిందనుకుని, నేను పక్కింటికి పరిగెత్తి నిప్పు తెచ్చాను.