ప్రహరీ లోపలి బోరింగు

వానకు తడిసిన బాల్కనీ గ్రిల్ నుంచి ఇనుప వాసన వచ్చినప్పుడల్లా నాకు మెదక్‌లోని మా గల్లీ, ఆ గల్లీకని మంజూరై కౌన్సిలర్ ప్రహరీ లోపల మొలిచిన బోరింగు గుర్తొస్తాయి.

ఎండాకాలం పొద్దున మా ఇంట్లో మామిడికాయ తొక్కులోకి వేయించే మెంతుల ఘాటు, సాయంత్రం పక్కింట్లో బట్టలు కుట్టే ఖైరున్నీసా చాచీ పొయ్యి మీద వేగే ఉల్లిగడ్డ వాసన గల్లీ అంతా నిండేవి. ఆడపిల్లలం నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ కచ్చకాయలు ఆడుకునేవాళ్లం. నల్లా మాత్రం దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. అందుకే మునిసిపాలిటీ బోరింగు ఇచ్చింది. రోడ్డు మీద వేస్తే పిల్లలు పాడు చేస్తారంటూ కౌన్సిలర్ దాన్ని గల్లీ మొదట్లో ఉన్న తన ఇంటి వాకిట్లో వేయించుకున్నాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లబట్టల మనిషి. ఎవరింట్లో చావైనా అందరికన్నా ముందొచ్చి కళ్లు తుడుచుకునేవాడు. ఊరంతా కరువున్నా ఆయన కళ్లకు నీళ్ల కొరత ఉండేది కాదు.

ఆయన భార్య నిద్ర లేస్తేనే గేటు తెరుచుకునేది. బిందెతో పోయినవాళ్లు ముందు వాళ్ల వాకిలి ఊడ్వాలి, గిన్నెలు తోమాలి, ఆ తర్వాతే నీళ్లు. ఒక మధ్యాహ్నం నిండునెలల మా చిన్నమ్మ ఆ గేటు పట్టుకుని నిలబడింది. లోపల నీడలో పుచ్చకాయ తింటున్న కౌన్సిలర్, "జర ఆగు, మా ఆమె పండుకున్నది" అన్నాడు. చిన్నమ్మ ఆగింది, కళ్లు తిరిగి బిందె మీద పడింది. దవాఖానలో చిన్నమ్మ బతికింది, కడుపులో బిడ్డ బతకలేదు.

మర్నాడు ఆయన అలవాటు ప్రకారం మా ఇంటికి వచ్చి, గల్లీ జనమంతా చూస్తుండగా చేతిరుమాలు తీశాడు. మా నాయినమ్మ లోపలికి పోయి ఖాళీ బిందె తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఏడిస్తే గిండ్ల ఏడువు కొడుకా. గల్లీకి జరన్ని నీళ్లన్న దొరుకుతయ్."

ఆయన మొహం మాడిపోయింది. "రాజకీయం చేస్తున్నరు" అని గొణుక్కుంటూ లేచాడు. వెనకనుంచి చాచీ అంది: "ఇల్లు మీది సాబ్, నీళ్లు మావి. గోడ మీరు తీస్తరా, మేం తియ్యాల్నా?"

ఆయన తియ్యలేదు. ఆ సాయంత్రం ఆడవాళ్లంతా రోకళ్లు పట్టుకుపోయి బోరింగు పక్క గోడను పడగొట్టారు. ఆయన కిటికీ రెక్క సందులోంచి చూస్తూ ఉండిపోయాడు. సిగ్గుతో ఊరు విడిచిపోతాడనుకున్నాం. వారం తిరక్కుండానే, కూలిన గోడ దగ్గర మెడలో దండతో నిలబడి, ప్రజల కోసం సొంత గోడ తీయించిన త్యాగమూర్తినని ఫోటో దిగాడు. తర్వాతి ఎన్నికల్లోనూ ఆయనే గెలిచాడు. నాయినమ్మ మాత్రం బతికినంత కాలం ఆయన ఎదురైతే మొహం తిప్పుకుంది. ఆమె అరుగు మీద కూర్చుని ఉంటే ఆయన మా గల్లీలోకి వచ్చేవాడు కాదు.

మొన్న మెదక్ పోయినప్పుడు చూశాను. అరుగులు లేవు, నాయినమ్మ లేదు, చాచీ లేదు. ఇప్పుడు ఆ కౌన్సిలర్ కొడుకే కౌన్సిలర్. మోరీ మీద దుకాణాలు కట్టించి కిరాయికి ఇచ్చుకున్నాడు, మురుగంతా గల్లీలో పారుతోంది. మీరెవరూ ఆయన్ని అడగరా అంటే ఒకామె గొంతు తగ్గించింది: "మనకెందుకక్కా, రేపు సర్టిఫికెట్‌కు ఆయన తానికే పోవాలె."

అప్పుడే ఆయన కారు వచ్చింది. చక్రాల కింది మురుగు ఆమె చీర మీద చిమ్మింది. ఆమె ఒక చేత్తో కుచ్చిళ్లు దులుపుకుంటూ, రెండో చేత్తో ఆ కారుకు నమస్తే పెట్టింది.